మోకాలు పట్టుకుంటడు

వనపర్తిలో ఫిజియోథెరపీకని నా దగ్గరికి వచ్చే ముసలివాళ్లు ముందు గదంతా కలియజూసేవాళ్లు, మిషను ఎక్కడుందా అని. ఒక బల్ల, రెండు దిండ్లు, చుట్టిపెట్టిన తువ్వాళ్లు, వేడినీళ్ల సంచి తప్ప ఇంకేమీ కనపడక చివరికి నా చేతుల వంక అనుమానంగా చూసేవాళ్లు. "కరెంటు పెట్టరా?" అని అడిగేవాళ్లు. పెట్టను, చేతులతోనే చేస్తాను అంటే ఒక పెద్దాయన "చేతులతోనేనా? గట్ల మా కోడలు గూడ పిసుకుతది" అని లేచి వెళ్లిపోయాడు కూడా. నాకు ఒళ్లు మండేది. మోకాలి చిప్పను బొటనవేళ్లతో మెల్లగా అటూ ఇటూ జరపడం, పిక్క పైభాగాన రెండు చేతులూ వేసి లోపలి ఎముకను వెంట్రుకవాసి కదిలించడం, నొప్పి వచ్చే చోటికి ఒక్క పిసరు ముందే ఆగి మళ్లీ మొదటికి రావడం, ఇదంతా పిసకడం కాదని ఎంత చెప్పినా ఎవరూ వినేవాళ్లు కాదు. కొన్ని వారాలకు మెట్లు ఎక్కగలిగితే ఆ గొప్ప మాత్రం దేవుడికో, అంతకుముందు రాసుకున్న నూనెకో పోయేది.

ఇది రెండువేల సంవత్సరం దాటాక, ఊళ్లన్నిటి చుట్టూ కాలువలూ రిజర్వాయర్లూ తవ్వుతున్న రోజుల మాట. మాది కర్నూలు. మా ఆయనకు ఉద్యోగం గద్వాలలో వస్తే కొంతకాలం అక్కడ ఉండి, తర్వాత వనపర్తికి మారాం. గద్వాలలో మాటల మధ్య కన్నడం దొర్లేది, వనపర్తిలో ఉర్దూ దొర్లేది. పేషెంట్లు చెప్పేది సగం ఊహించుకుని అర్థం చేసుకోవడం నాకు అలవాటైపోయింది. ఇక్కడి భాష నాకు వచ్చేసిందని ధీమా కూడా ఉండేది.

ఆ ధీమాకు సగం కారణం మా ఇంటామె. కింద వాటాలో ఉండేది. నమాజులో మోకాళ్ల మీద కూర్చోలేక కుర్చీ వేసుకోవలసి రావడం ఆమెకు పెద్ద నామోషీ. అందుకని వనపర్తిలో నా మొదటి పేషెంటు ఆమే అయింది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఆమె తెలుగులో ప్రతి వస్తువూ మగవాడే. గ్యాసు అయిపోయిండు, బస్సు పోయిండు, అన్నం మాడిండు. "మోకాలు పట్టిండు బేటీ, పొద్దూకేదాక ఇడువడు" అనేది. ఉర్దూలో మోకాలు మగదట. నాకు నవ్వు ఆగేది కాదు. "నవ్వు నవ్వు. నీ వచ్చీరాని కర్నూలు ఉర్దూ ఇని మా ఇంట్ల అందరు నవ్వుతరు" అని ఆమె కూడా నవ్వేది.

పెద్దమందడి వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దామె మాటను కూడా నేను ఆ చెవితోనే విన్నాను.

ఆమెను కూతురు బస్సులో తీసుకొచ్చింది. రైతు కుటుంబం. మోకాళ్లు రెండూ వాచి పక్కలకు వంగి ఉన్నాయి. ఎడమది మరీ బిగుసుకుపోయి పూర్తిగా చాపుకోదు, పూర్తిగా మడుచుకోదు. బల్ల మీద పడుకోబెట్టి, నొప్పి ఎట్లా ఉంటుందవ్వా అని అడిగాను.

"కుడిది గుంజుతది. నడిస్తె సలుపుతది" అంది. తర్వాత ఎడమ మోకాలి మీద చెయ్యి వేసింది. "గీడ పట్టుకుంటడు."

"ఎప్పుడు పట్టుకుంటుంది?"

"పొద్దుగాల లేస్తుంటె. వంగి పని చేస్తుంటె. ఏడికన్న పోదామని ఇంటి కడప దాటుతుంటె ఇంక గట్టిగ పట్టుకుంటడు."

పొద్దున పూట బిగుసుకుపోవడం, కదలిక మొదలుపెట్టేటప్పుడు పట్టేయడం. పుస్తకంలో చదివినట్టే ఉంది అనుకున్నాను.

కాలు బాగైతే ఏం చేయాలని ఉంది అని అందరినీ అడుగుతాను. ఇంటామె నమాజు అంది. ఎక్కువమంది మరుగుదొడ్డి అంటారు, సిగ్గుపడుతూ. ఈమె ఆలోచించకుండా చెప్పింది. "మా చెల్క దాక నడ్వాలె. ఆడ జరసేపు గొంతుక్కూసోవాలె. నీళ్లు రాకముందే."

వాళ్ల మెట్టచేను కొత్త రిజర్వాయరులో మునగబోతోందని కూతురు చెప్పింది. దారి తెగ్గొట్టారు, ఆటో పోదు, గట్టు దిగి నడవాల్సిందే. వచ్చే వానాకాలానికి నీళ్లు వదులుతారట. భూమిని చివరిసారి చూసుకోవాలనే కోరిక ఆ రోజుల్లో చాలామంది నోట విన్నాను. ఆమెదీ అదే అనుకున్నాను. పంతం పట్టి మరీ పని మొదలుపెట్టాను.

కుడి మోకాలు త్వరగానే మాట విన్నది. వాపు తగ్గింది, కాలు చాపుకుంది, కూతురి భుజం పట్టుకోకుండా బల్ల దిగడం వచ్చింది. ఎడమ మోకాలు నన్ను ఓడించింది. బిగువుకంటే ఎక్కువగా ఆమే ఓడించింది. చేతులతో చేసే పనికి పేషెంటు కాలును మనకు అప్పగించాలి. కండరం బిగిస్తే కింద ఎముక కదలదు. నేను ఆమె మోకాలి వెనక చెయ్యి పెట్టి "కాలు వదిలెయ్ అవ్వా" అనేదాన్ని. అన్న మరుక్షణం తొడ రాయిలా అయ్యేది. నా కర్నూలు మాట అర్థం కాలేదేమో అని కూతురు పక్కనుంచి "ఇడువుమంటున్నరే అమ్మా. ఇడువు, ఇడువు" అనేది. ఆ మాటకు ఆమె ఒళ్లంతా ఉలిక్కిపడేది. కళ్లు మూసుకుని పెదవి కొరుక్కునేది. నొప్పికి అనుకుని చెయ్యి తీసేదాన్ని. చెయ్యి తీస్తే బల్ల అంచు పట్టుకుని ఇంకా బిగుసుకునేది. ఇన్ని మోకాళ్లు చూశాను గానీ, పట్టుకుంటే బిగిసి, వదిలితే ఇంకా బిగిసే కాలు నాకు ఎక్కడా తగల్లేదు.

ఒకరోజు ఆమె బల్ల మీదే కునుకు తీసింది. పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చి అలిసిపోయినట్టుంది. తొడ మెత్తబడింది. నేను ఏ మాటా అనలేదు. రెండు చేతులూ మోకాలి కింద వేసి, చాలాసేపు ఓపిగ్గా, కొద్దికొద్దిగా కదిలిస్తూ పోయాను. లోపల ఏదో సడలింది. చేతులకు తెలుస్తుంది అది, తడి తాడు ముడి జారినట్టు. కాలు మడుచుకుంది, చాపుకుంది. నాకు పట్టరానంత సంతోషం కలిగింది. లేపి నడిపించాను.

గది ఆ చివరి దాకా బాగా నడిచింది. గోడ దగ్గర ఆగింది. వంగి మోకాలు తడుముకుంది. ఇటూ అటూ చూసింది, బల్ల కింద కూడా చూసింది. ఏదన్నా పారేసుకున్నవాళ్లు అట్లా చూడరు. సంతలో పిల్లవాడి చెయ్యి జారిపోయినవాళ్లు చూస్తారు.

"ఏమైందవ్వా?"

"పట్టుకుంటలేడు" అంది. ముఖం పాలిపోయింది.

"మరి మనకు కావాల్సింది అదే కదా!" అన్నాను నేను, నవ్వుతూ.

ఆమె నా వైపు ఒక్కసారి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. కూతురు చెప్పులు చేతిలో పట్టుకుని వెనక పరుగెత్తింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. వారమంతా ఎదురుచూశాను. నడవలేని మనిషి నడిచాక రావడం మానేస్తే అర్థం చేసుకోవచ్చు, కానీ ఆమె ముఖంలో ఉన్నది నయమైన సంతోషం కాదు.

ఇంటామె మోకాలు పడుతూ ఆమెతో ఈ సంగతి చెప్పుకున్నాను, కాస్త ఉక్రోషంగానే. "పట్టుకుంటలేడు అని చెప్పులన్నా వేసుకోకుండా పోయింది. ఏంది మీ మనుషులు!"

ఇంటామె తల ఎత్తింది. "ఏమన్నది? పట్టుకుంటలేడా?"

"అవును. మీలాగే. మోకాలును మగవాణ్ణి చేసి మాట్లాడుతుంది."

"బేటీ, నాది ఉర్దూ నోరు. నా నోట్ల అన్నీ మగోళ్లే. ఆమె నోరు ఉర్దూనా?"

నా చేతులు ఆగిపోయాయి. పెద్దామె మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. బస్సు పోయింది అనేది, పోయిండు అని ఒక్కసారీ అనలేదు. కుడిది గుంజుతది అంది. నడుము నొస్తది అంది. పుట్టినప్పటినుంచీ తెలుగు తప్ప ఇంకో భాష తెలియని రైతు మనిషి, వస్తువును వస్తువుగానే పలికేది. ఒక్క ఎడమ మోకాలి దగ్గరే ఆ 'డు' వచ్చేది. నేను ఇన్నాళ్లూ దాన్ని యాస అనుకున్నాను. ఆమె చెప్పింది మోకాలి గురించి కాదు. మోకాలును పట్టుకున్నవాడి గురించి.

"ఎవరో ఉన్నడు" అంది ఇంటామె. తన మోకాలు నా చేతుల్లోంచి తీసుకుని చీర సర్దుకుంది. "పోయి సూసి రా, జల్ది."

మర్నాడు బస్సెక్కాను. ఊరి బయట మట్టి ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. వాళ్ల ఇంటి ముందర పెద్దామె అరుగు మీద కూర్చుని ఉంది, ఎడమ కాలు చాపుకుని. నన్ను చూసి సిగ్గుపడింది. కూతురు నీళ్లు తెచ్చిచ్చింది. మంచీ చెడ్డా అయ్యాక నేనే అడిగాను. "ఎవరవ్వా పట్టుకునేది?"

కూతురు తల పక్కకు తిప్పుకుంది. ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ నాకు చెప్పడానికి నోరు రాలేదు.

"నా పెద్దకొడుకు" అంది పెద్దామె. "గీ బిడ్డకంటె ముందు పుట్టినోడు. అప్పుడప్పుడే నడుస్తుండె. చెల్కల పల్లి పీకుతున్న నేను. వానికి కొంగు వద్దు, ఎత్తుకునుడు వద్దు. నేను వంగుతె ఎనక నుంచి వచ్చి గీడ, గీ మోకాలు రెండు చేతులతోని పట్టుకొని నిలబడేటోడు. అడుగు ఎయ్యనియ్యడు. ఆనాడు పని శాన ఉండె. పొద్దుపోతున్నది. ఇడువు నాయనా, పని కానీ, ఇడువు అన్న. మల్ల అన్న. ఇడిసిండు. పోయి గట్టు కాడ నీడకు కూసున్నడు. ఆడ పురుగు ముట్టింది."

పాము అనరు అక్కడ. పురుగు అంటారు. నాకు ఆ మాట మాత్రం వెంటనే అర్థమైంది.

"చిన్నోడు గద, కాల్చరు. చెల్కల్నే మూలకు పెట్టిన్రు. పైన రేగికంప ఏసిన్రు. ఏండ్లు పోయినయ్. బిడ్డ పుట్టింది, లగ్గమైంది, మా ఆయన పోయిండు. ఒకనాడు గా చెల్కల్నే వంగి లేస్తుంటె ఎవరో ఎనక నుంచి పట్టినట్టయింది. తిరిగి సూస్తె ఎవ్వరు లేరు. మోకాలు కదుల్తలేదు. గప్పుడు ఎర్కైంది నాకు, వచ్చిండని. అందరు నొప్పి నొప్పి అంటరు. అంటె అననీ."

ఆ 'ఇడువు' సంగతి కూతురు కూడా అప్పుడే విన్నట్టుంది, అరుగు అంచున కూలబడింది. కాలు ఇడువు, ఇడువు అని బల్ల దగ్గర మేమిద్దరం ఆమె మీద పడ్డ రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఏ మాటతో ఆమె కొడుకును పంపేసిందో ఆ మాటనే మేం పొద్దున్నే బస్సులో రప్పించి మరీ వినిపించాం. ఇంకో సంగతి కూడా అక్కడే, ఆ అరుగు మీదే తట్టింది. పోయినవాడు మగపిల్లవాడు కాబట్టి ఆ 'డు' నా చెవిన పడింది. ఆడపిల్ల అయి ఉంటే ఆమె కూడా అందరిలాగే 'పట్టుకుంటది' అని ఉండేది, నేను తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి ఊరుకునేదాన్ని. మన భాషలో ఆడపిల్లకూ మోకాలికీ ఒకటే మాట. ఆ తర్వాత ఏ ముసలామె బల్ల మీద పడుకుని 'పట్టుకుంటది' అన్నా నా వేళ్లు ఒక క్షణం ఆగుతాయి. అడగడానికి మాత్రం ధైర్యం రాదు.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"నువ్వు సేసినంక ఇడిసిండు. వారం దినాలు జాడ లేడు. మొన్న మల్ల వచ్చిండు, జర జర. గట్టిగ కాదు." ఆమె మోకాలు నిమురుకుంది. "చెల్క మునుగుతది బిడ్డా. వాడు ఆడ ఉన్నడా, నా కాడ ఉన్నడా, నాకు తెల్వదు. ఆడ ఉంటె నీళ్ల కింద ఒక్కడే ఉంటడు. పోయి పిలుసుకొస్త. కుడికాలు మంచిగ సెయ్యి, ఎక్కి దిగెటట్టు. ఎడమది ముట్టకు."

చదువుకున్నది నేను. వద్దనాలి, అదంతా నీ భ్రమ అవ్వా, కీలు అరిగిందంతే అని చెప్పాలి. చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు. వారానికి రెండుసార్లు నేనే ఊరికి వెళ్లి అరుగు మీదే కుడికాలు ఒక్కటీ చూశాను. తొడకు బలం వచ్చేలా మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కించాను, కట్టె పట్టుకుని మెట్టు ఎక్కించాను, దింపించాను. ఎడమ మోకాలి జోలికి పోలేదు. అది మెల్లమెల్లగా మళ్లీ బిగుసుకుంది. నా కళ్ల ముందే ఒక కీలు బిగుసుకుపోతుంటే చేతులు కట్టుకుని చూడటం ఎంత కష్టమో, చేతులతో బతికేవాళ్లకు చెప్పక్కర్లేదు.

మబ్బులు పట్టే రోజుల్లో బయలుదేరాం. ఆమె, కూతురు, నేను. పొద్దున్నే, ఎండ ముదరకముందు. గట్టు దిగడానికి చాలాసేపు పట్టింది. కుడికాలు ముందు పెట్టి, ఎడమకాలు కర్రలా పక్కకు తిప్పి తెచ్చుకుంటూ దిగింది. మా ఇద్దరి చేతులూ వద్దంది. దిగాక కూతురు ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చేను లేదు. రిజర్వాయరు కట్ట పొయ్యడానికి మట్టంతా తోడుకుపోయారు. చేనిగట్టు లేదు, మూల లేదు, రేగికంప లేదు. మనిషి లోతున ఎర్రటి గుంత, దాని నిండా ట్రాక్టరు చక్రాల జాడలు. దూరంగా కట్ట మీద ఆ మట్టే రోజురోజుకీ ఎత్తు పెరుగుతోంది. ఆ పిల్లవాడు ఏ ట్రాక్టరులో, ఏ రోజు, కట్టలోకి ఎక్కడికి పోయాడో ఎవరు చెబుతారు? నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. గుంతలోకి దిగి, మధ్యకు నడిచి, చుట్టూ చూసింది. ఎటు తిరిగి పిలవాలో ఆమెకు తెలియడం లేదు.

"నాయనా" అంది, ఎటూ కాకుండా. "పోదాం పా. నీళ్లొస్తయి."

కాసేపు చెవి పెట్టినట్టు నిలబడింది. కట్ట మీద నుంచి ట్రాక్టరు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నడిసి నడిసి కాలు మొద్దుబారింది" అంది, నా వైపు చూస్తూ. "ఏం తెలుస్తలేదు. బిడ్డా, జర వచ్చి పట్టుకో. ఏడ పట్టుకోవాల్నో వానికి జాడ తెల్వాలె. అంతా మారిపాయె గద."

నేను వెళ్లి ఆమె వెనక గొంతుక్కూర్చుని ఎడమ మోకాలి మీద రెండు చేతులూ వేశాను.

"గట్ల కాదు. నువ్వు పట్టినట్టు కాదు. ఇంకింత కిందికి. చిన్న చేతులు."

వేళ్లు దగ్గరికి ముడుచుకున్నాను. బొటనవేళ్లు లోపలికి పెట్టుకుని, మిగతా వేళ్లతో ఊరికే ఆనించాను. అంతకుముందు ఎన్నడూ ఎవరి మోకాలునూ నేను నయం చేయడానికి కాకుండా పట్టుకోలేదు. ఆమె కాస్త ముందుకు వంగింది, పల్లి పీకడానికి వంగినట్టు. చేతులు వేలాడుతున్నాయి. అట్లాగే ఉండిపోయింది. నాకు పిక్కలు లాగాయి, పాదాలు తిమ్మిరెక్కాయి. ఇక ఆగలేక, ఆమెకు తెలియకుండా ఒక్కొక్క వేలే తీసుకుని, చేతులు వెనక్కి తెచ్చుకుని మెల్లగా లేచి నిలబడ్డాను. రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె కదల్లేదు.

చాలాసేపటికి, వెనక్కి తిరగకుండానే అడిగింది. "నువ్వు ఇడిసినవా బిడ్డా?"

"ఎప్పుడో వదిలేశానవ్వా."

ఆమె వీపు మెల్లగా నిటారైంది.

"ఐతే వాడే."

నా ముఖం కూడా చూడకుండా గట్టు వైపు తిరిగింది. ఎక్కేచోట నేను చెయ్యి అందిస్తే తల అడ్డంగా ఊపింది. కుడికాలు పైన పెట్టి, ఆగి, ఎడమకాలు మెల్లగా తెచ్చుకుంది. మళ్లీ ఆగింది. కూతురు గబగబా ఎక్కబోతుంటే కసిరింది. "ఏందే గా ఉరుకుడు? వాని కాళ్లు చిన్నయి. జర మెల్లగ నడువుండ్రి."